కుర్చీల బాడుగ

పద్నాలుగు వేల ఆరొందల నలభై రూపాయలు.
మా పాప సౌగంధి పొడుగు నోటుబుక్కులో రాసిపెట్టింది.
రెండేండ్లయింది.
ఆ పేజీ అంచు ఇప్పుడు బెల్లం రంగు.

మా చిత్తూర్లో ఒక పార్టీ, పేరెందుకులే,
చైర్మన్ సీటుకు మనిషిని ఈ తడవ
పైనుంచి కవర్లో పెట్టి పంపకుండా
సభ్యులే ఓట్లేసి ఎంచుకోవాలనుకునింది.
మంచిదే గదప్పా అన్నా నేను.
రెండొందల కుర్చీలు, నాలుగు షామియానాలు, మైకుసెట్టు
కొంగారెడ్డిపల్లె ఇస్కూలు కాడికి తోలినా.
అడ్వాన్సు అడగలా.
మంచిపనికి అడ్వాన్సు అడిగితే బాగుండదని.

ఓటు డబ్బాల్లేవు.
గుజ్జు ఫ్యాక్టరీ నుంచి మామిడిగుజ్జు డబ్బాలు తెచ్చి
మూతలకు గాట్లు పెట్టినారు.
ఎంత కడిగినా తీపి పోలా.
మధ్యాన్నానికి చీమలు బారుకట్టి
సభ్యత్వం రసీదు చూపించకుండానే లోపలికి పోయినాయి.
వేలికి పెట్టే సిరా దొరకలా.
దోబీఖానా కుప్పయ్య, బట్టలకు గుర్తులేసే నల్లజీడి రసం తెచ్చినాడు.
పదిమందికి వేళ్లు బొబ్బలెక్కినాయి.
ఆ పూతమందు ఖర్చు ఎవురిదో
అది కూడా ఇంతదాకా తేలలా.

గజపతి ముప్పైయొక్క ఓట్లతో గెలిచినాడు.
టపాకాయలకు మాత్రం అప్పటికప్పుడు డబ్బులు పుట్టినాయి.

బిల్లు తీసుకోని ఆఫీసుకు పోతే
ప్రెసిడెంటు భుజం మీద చెయ్యేసినాడు.
"పార్టీ అంటే ఎవురప్పా? మనమే గదా!"
నేను సభ్యుణ్ణి గాదే అన్నా.
"అట్లనా, అయితే చేరు."
పది రూపాయలు తీసుకోని రసీదు చేతిలో పెట్టినాడు.
రావాల్సింది రాలా,
పోవాల్సింది ఇంకో పది పోయింది.
సౌగంధి దాన్నీ రాసింది, కింద, ఎర్రపెన్నుతో.

ఏకాంబరం దగ్గరికి పోయినా, ఓడిపోయినాయన.
అరుగు మీద పండుకోనుండాడు, లేయలా.
"పెండ్లికూతురు వాని ఇంటికి పోయె.
పందిరి డబ్బులు నేనియ్యాల్నా?"
దానికి నా దగ్గర జవాబు లేదు.

హేమాద్రి సారు ఇస్కూలు గేటు కాడ నిలబడి చెప్పినాడు,
ఇట్లాంటి ఖర్చు సర్కారే పెట్టుకోవాలంట.
లేకుంటే పందిరేసిచ్చినవాడే
పెండ్లికొడుకును గూడా తెస్తాడంట.
నిజమే సామీ అనబోతా ఉంటే
గేటు పక్కన ఆకుకూరలమ్మే కస్తూరమ్మ
సిర్రాకు కట్ట మీద నీళ్లు చల్లతా అనింది:
"సర్కారంటే యాడిది సారూ, నా రోజు సుంకం గాదా?
ఆ పార్టీకి నేను జన్మలో ఓటెయ్యను.
వాళ్లింట్లో పెండ్లిచూపులకు
కాఫీ నేను పెట్టాల్నా?"
సారు కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలా.
మైకుకు కరెంటు ఎవురిది? ఇస్కూలు మీటరుది.
కాగితం కప్పులు మూడుదినాలు ఊడ్చింది ఎవురు?
మునిసిపాలిటీ అంజలి.
అంటే కస్తూరమ్మ కాఫీ ఎప్పుడో పెట్టేసింది,
ఆయమ్మకే తెలియలా.
సారు మాటా సరే అనిపిస్తుంది, ఆయమ్మ మాటా సరే అనిపిస్తుంది,
నా పద్నాలుగు వేలు మాత్రం
రెండు సరేల నడమ నలిగిపోయినాయి.

మొన్న గజపతి ఇంటికే పోయినా.
ఇప్పుడాయన చైర్మను.
మా వీధిలో పోసిన కాలువ మొదటి వానకే నోరు తెరిచింది,
దాని సంగతి అడిగేదానికి పోలా,
నా సంగతి అడిగేదానికే పోయినా.
"దా, కూచోప్పా" అన్నాడు, మర్యాదస్తుడే.
కూచున్నా.
ఎన్నికలనాడు పదకొండు కుర్చీలు లెక్కకు రాలేదు.
వీపుకు ఏదో గరుకుగా తగిలితే
చెయ్యి వెనక్కి పెట్టి తడిమినా:
నేనే పెయింటుతో రాసిన అక్షరాలు,
మా షాపు పేరు.

ఆయన ఏమేమో చెప్తా ఉండాడు,
పైనుంచి ఫండు రావాలంట, వచ్చినాక చూస్తాడంట.
నేను వినలా.
కుర్చీకి దినానికి ఐదు రూపాయలు,
రెండేండ్లు, పదకొండు కుర్చీలు.
పాపా, బుక్కు తీయ్.
నేను కూచున్న ఈ అర్ధగంట మాత్రం
అందులోంచి కొట్టేయ్.